బండి కింద తడి

నాన్న సంవత్సరీకానికి తిరుపతి వెళ్లాను. కార్యక్రమానికి ముందు రోజు సాయంత్రం అమ్మ తాళంచెవి తెచ్చి నా చేతిలో పెట్టింది. "బండిని ఒకసారి స్టార్టు చెయ్యి నాయనా. దాని గొంతు విని మూడు నెలలయింది" అంది. అంతవరకూ నాన్న స్నేహితుడొకాయన వారానికొకసారి వచ్చి నడిపి వెళ్లేవారట. ఆయన బెంగళూరులో కొడుకు దగ్గరికి వెళ్లిపోయాక ఎవరూ ముట్టుకోలేదు.

రేకుల షెడ్డులో పాత దుప్పట్ల కింద మా అంబాసిడర్ ఉంది. నా కారు బ్యాటరీ నుంచి వైర్లు కలిపి, చోకు లాగి పట్టుకుంటే నాలుగోసారికి అందుకుంది. కాసేపు దగ్గింది, తర్వాత సర్దుకుంది. షెడ్డు గడప మీద కూర్చుని వింటున్నాను. పది నిమిషాలు గడిచాయో లేదో, ఒక వాసన వచ్చింది. ఇనుప బొక్కెనలో నిలవ ఉన్న నీళ్లను పొయ్యి మీద పెడితే వచ్చే వాసన అది. అందులో కొంచెం తుప్పు, కొంచెం వేడెక్కిన రబ్బరు, కొంచెం కాగిన గ్రీజు. ఆ వాసన నా ముక్కుకు తగిలి ఇరవై ఏళ్లు దాటి ఉంటుంది. లేచి వెళ్లి బండి ముందు వంగి చూశాను. నేల మీద అరచేయంత తడి. దాని మీద ఒక్కో చుక్కా పడుతోంది.

బోనెట్టు ఎత్తకముందే నాకు తెలిసిపోయింది. వాటర్ పంపు. ఇంజను చల్లబడేలా నీళ్లను లోపల తిప్పేది అదే.

ఇంజను ఆపేశాక కూడా ఆ చుక్కలు కాసేపు పడుతూనే ఉన్నాయి. నేను కదల్లేదు. చిన్నప్పుడు తెల్లవారుజామున కళ్లు నులుముకుంటూ లేచి వస్తే, నాన్న సరిగ్గా ఇలాగే బండి ముందు వంగి నేల చూస్తూ కనిపించేవారు. దేవుడి పటం ముందుకు వెళ్లేది ఆ తర్వాతే.

* * *

మా నాన్న మెకానిక్కు కాదు, టాక్సీ డ్రైవరు. కొర్లగుంటలో మా ఇల్లు, రైల్వే స్టేషను ముందు ఆయన స్టాండు. కొండకు, తిరుచానూరుకు, శ్రీకాళహస్తికి, కాణిపాకానికి యాత్రికులను తిప్పేవారు. పెళ్లిళ్ల కాలంలో చిత్తూరు, పలమనేరు దాకా వెళ్లేవారు. తన బండి పని తానే చేసుకునేవారు. ఆ సంగతి తెలిసి స్టాండులో మిగతా డ్రైవర్లు కూడా ఆదివారం పూట మా ఇంటి ముందు బండ్లు నిలిపేవారు. డబ్బు తీసుకున్నట్టు నాకు గుర్తు లేదు. మామిడికాయల బుట్టలు, బెల్లం దిమ్మలు మాత్రం ఇంటికి వస్తూ ఉండేవి.

మాది మార్క్ 3 అంబాసిడర్. ఇంగ్లండులో మోరిస్ ఆక్స్‌ఫర్డ్ సిరీస్ 3 అనే కారు ఉండేది. దాన్ని హిందుస్థాన్ మోటార్స్ వాళ్లు కలకత్తా దగ్గరి ఉత్తరపారాలో 1958 నుంచి అంబాసిడర్‌గా తయారు చేశారు. మా బండి ఇంజను 1489 సీసీ. ఇంత ఇనుముకు, ముందు ముగ్గురు వెనక నలుగురు కూర్చుని పైన సామాన్లు కట్టిన బరువుకు, ఆ ఇంజను చిన్నది. నాన్నకు ఆ విషయంలో భ్రమలేవీ లేవు. "ఇది ఎద్దు, గుర్రం కాదు. ఎద్దును ఎద్దులాగే తోలాలి" అనేవారు.

తెల్లవారి నాలుగింటికి మా ఇంట్లో మొదట వినిపించేది రేడియేటరు మూత చప్పుడు. తర్వాత చెంబుతో నీళ్లు పోసే గుబగుబ. ఆ నీళ్ల విషయంలో నాన్నకు పట్టుదల ఎక్కువ. మా బోరు నీళ్లు కాస్తే గిన్నె అడుగున తెల్లటి పొర కట్టేది. అదే పొర ఇంజను లోపలా, రేడియేటరు సన్నని గొట్టాల్లోనూ కడుతుందని, వాన నీళ్లు తప్ప పోసేవారు కాదు. కార్తీకమాసం వానలకు చూరు కింద రెండు డ్రమ్ములు పెట్టి, నిండాక గుడ్డ కట్టి మూసేవారు. వేసవిలో ఇంట్లో తాగడానికి నీళ్లు చాలక మేము వీధి కొళాయి దగ్గర వరుసలో నిలబడ్డ రోజుల్లో కూడా ఆ డ్రమ్ముల జోలికి ఎవరూ వెళ్లకూడదు. అమ్మ ఒకసారి గొడవపడింది. "మనుషులకు లేని వాన నీళ్లు బండికా?" అంది. "ఆ బండి తాగితేనే మనకు ఇంత కూడు" అన్నారు నాన్న. కూలెంట్ కలపడం ఆయన చాలా ఆలస్యంగా, నేను ఉద్యోగంలో చేరాక మొదలుపెట్టారు. ముందే కలిపి ఉంటే లోపలి తుప్పు సగం తగ్గేదని ఇప్పుడు అనిపిస్తుంది.

అమ్మ ఏనాడూ బోనెట్టు ఎత్తి చూడలేదు. కానీ రాత్రిపూట వీధి మలుపులో ఏ బండి తిరిగినా, అది మాదో కాదో వంటింట్లోంచే చెప్పేది. మా బండి చప్పుడు వినబడగానే పొయ్యి మీద ఎసరు పెట్టేది. నాన్న బండి నిలిపి, కాళ్లు కడుక్కుని, కొండ కబుర్లు రెండు చెప్పేసరికి వేడివేడి సంగటి ఆకు మీదికి వచ్చేది.

* * *

తిరుమలకు మొదటి ఘాట్ రోడ్డు 1944లో, రెండోది 1974లో వచ్చాయి. నా చిన్నతనానికి రెండూ ఉన్నాయి. ఎక్కేది కొత్త దారిన, దిగేది పాత దారిన. దిగేటప్పుడు అక్కగార్ల గుడి దగ్గర నాన్న తప్పకుండా వేగం తగ్గించి దండం పెట్టుకునేవారు.

ఎక్కడమే బండికి పరీక్ష. అలిపిరి దాటాక బండి అడుగులో అడుగు వేస్తూ వెళ్తుంది, ఇంజను మాత్రం రొప్పుతూ ఉంటుంది. మైదానంలో అయితే వేగానికి ఎదురుగాలి వచ్చి రేడియేటరును చల్లబరుస్తుంది. కొండ మీద ఆ గాలి లేదు, ఫ్యాను గాలే దిక్కు. ఆ ఫ్యానూ వాటర్ పంపూ ఒకే ఇరుసు మీద తిరుగుతాయి. ఆ ఇరుసును, కరెంటు పుట్టించే డైనమోను కలిపి తిప్పేది ఒకటే బెల్టు. అంటే ఒక్క రబ్బరు పట్టీ, వేలెడంత ఇరుసు, దానికొక సీలు, ఒక బేరింగు. ఏడు కొండలూ ఎక్కించే బాధ్యత వీటి మీద ఉండేది.

రోహిణి కార్తె వచ్చిందంటే ఒక్కో మలుపులో ఒక్కో బండి బోనెట్టు తెరుచుకుని ఆవిరి కక్కుతూ నిలబడి ఉండేది. పక్కన రాళ్ల మీద ఆడవాళ్లు పిల్లలకు విసురుతూ కూర్చునేవారు. నాన్న తన బండిలో జనం ఉన్నా సరే, ఆపకుండా వెళ్లేవారు కాదు. సీటు కింద ఒక డబ్బా నీళ్లు, ఒక తడి గోనెసంచి ఎప్పుడూ ఉండేవి. సెలవుల్లో ముందు సీట్లో నన్ను కూర్చోబెట్టుకుని వెళ్లిన రోజుల్లో, ఆ ఆగిపోయిన బండ్ల దగ్గరే నేను నేర్చుకున్నాను.

మొదటి పాఠం ఆగడం. మరుగుతున్న రేడియేటరు మూత తీయకూడదు. మూతలో స్ప్రింగు ఉంటుంది, అది లోపలి నీళ్లను అణచిపెట్టి నూరు డిగ్రీలు దాటినా మరగకుండా చూస్తుంది. మూత వదులు కాగానే ఆ అణచివేత పోయి, నీళ్లన్నీ ఒక్కసారిగా ఆవిరై మొహం మీదికి ఎగుస్తాయి. స్టాండులో ఒక పెద్దాయన మెడ నుంచి భుజం దాకా చర్మం ముడతలు పడి ఉండేది. "అది మూత తీసిన గుర్తు" అని నాన్న నాకు చూపించారు. ఆయన కూడా చొక్కా కొంచెం పక్కకు లాగి, "బాగా చూసుకో నాయనా" అన్నారు.

రెండో పాఠం, కాలిన ఇంజనులో చన్నీళ్లు పోయకూడదు. కాలిన పెంకు మీద నీళ్లు పోస్తే ఏమవుతుందో ఇంజను తలకాయకూ అదే అవుతుంది. అరగంట ఆగి, గోనెసంచి మూత మీద వేసి, ఒక మెట్టు తిప్పి ఆవిరి పోనిచ్చి, ఇంజను నడుస్తుండగా కొంచెం కొంచెంగా పోయాలి. ఆ అరగంటలో నాన్న ఆ బండి చుట్టూ తిరిగేవారు. దేన్నీ విప్పేవారు కాదు. ముట్టుకుని చూసేవారు, వాసన చూసేవారు, డ్రైవరును అడిగేవారు. ఎక్కడ మొదలైంది? అలిపిరిలోనా, పైకి వచ్చాకా? నిన్న ఎన్ని నీళ్లు పోశావు, ఈ రోజు ఎన్ని? రాత్రి నిలిపినచోట తడి ఉందా?

* * *

వాటర్ పంపు చెడిపోతోందని చెప్పే గుర్తులు నాన్న నాకు ఒక్కరోజున చెప్పలేదు. ఏళ్ల తరబడి, ఒక్కో బండి దగ్గర ఒక్కోటి.

పంపు పొట్ట అడుగున చిన్న రంధ్రం ఉంటుంది. మొదటిసారి చూసినప్పుడు అది ఎవరో చేసిన బెజ్జం అనుకున్నాను. అది కావాలని పెట్టిందే. ఇరుసు ఒక చివర నీళ్లలో తిరుగుతుంది, ఇంకో చివర బేరింగు మీద ఉంటుంది. మధ్యలో స్ప్రింగు అదిమిపట్టిన కార్బన్ బిళ్ల సీలుగా నిలబడి నీళ్లను ఆపుతుంది. సీలు అరిగితే వచ్చే నీళ్లు బేరింగులోకి పోకుండా ఆ రంధ్రంలోంచి బయటికి జారిపోతాయి. జారినచోట తుప్పురంగు చార కడుతుంది. కొన్నాళ్లకు తెల్లటి ఉప్పు పేరుకుంటుంది. "పంపు మనకు రాసే ఉత్తరం ఇది" అనేవారు.

ఆ ఉత్తరాన్ని చించేసేవాళ్లూ ఉండేవారు. ఒకసారి ఒక బండి రంధ్రాన్ని ఎవరో లప్పంతో మూసేశారు. చుక్కలు ఆగాయి, యజమాని సంతోషించాడు. నీళ్లు బేరింగులోకి వెళ్లి, గ్రీజును కడిగేసి, నెల తిరక్కుండానే ఇరుసు ఊగిపోయి, ఫ్యాను ముందుకు వచ్చి రేడియేటరును గీసి పారేసింది. నాన్న కోపంతో మాట్లాడటం నేను చూసిన కొద్దిసార్లలో అది ఒకటి. ఎవరినీ తిట్టలేదు. ఆ లప్పం ముక్కను గోటితో పెరికి, అరచేతిలో పెట్టి ఆ డ్రైవరుకు చూపించి, "ఇది చెప్పకుండా ఉండాల్సిన మాట కాదయ్యా" అన్నారు.

బేరింగు సంగతి చేతికి తెలుస్తుంది. ఇంజను ఆపి, ఫ్యాను రెక్కలు ఎదురెదురువి రెండు చేతులతో పట్టుకుని ముందుకీ వెనక్కీ ఊపాలి. పంటిలా గట్టిగా ఉంటే బాగున్నట్టు. కదులుతున్న పన్నులా ఆడితే రోజులు దగ్గరపడ్డట్టు. చెవికీ తెలుస్తుంది. నాన్న దగ్గర కర్రపిడి ఉన్న పొడవాటి స్క్రూడ్రైవరు ఉండేది. దాని మొన పంపు మీద, పిడి చెవికి ఆనించి కళ్లు మూసుకునేవారు. తర్వాత నా చెవికి ఆనించేవారు. మంచి బేరింగు తిరగలి దూరంగా తిరుగుతున్నట్టు వినిపిస్తుంది. చెడ్డది ఆ తిరగలిలో ఇసుక పడ్డట్టు.

కీచుమనే చప్పుడు వస్తే చాలామంది పంపు పోయిందనుకుంటారు. అది బెల్టు కావచ్చు. తిరుగుతున్న బెల్టు మీద వేళ్లతో నాలుగు నీటి చుక్కలు చిలకరిస్తే, చప్పుడు మారితే బెల్టు, మారకపోతే బేరింగు. బెల్టు వదులైతే జారుతుంది, పంపు సరిగా తిరగదు. మరీ బిగిస్తే ఇరుసును పక్కకు లాగి బేరింగును తినేస్తుంది. బొటనవేలితో నొక్కితే అర అంగుళం దిగాలి. ఈ అర అంగుళం మాట మా ఇంట్లో ఎన్నిసార్లు వినిపించిందో చెప్పలేను.

* * *

అన్నిటికంటే నాకు బాగా గుర్తున్నది చిత్తూరు నుంచి వచ్చిన ఒక లెక్చరరు గారి బండి.

ఆయన మనవడి పుట్టువెంట్రుకలకు కుటుంబంతో బయలుదేరారు. కొండ మీద మూడుచోట్ల మరిగింది. ఎలాగో మొక్కు తీర్చుకుని దిగి, స్టాండులో ఎవరో చెబితే మా ఇంటికి వచ్చారు. అప్పటికి ఆరు నెలలుగా ఆ బండి వేడెక్కుతోందట. ఒకచోట రేడియేటరు విప్పి కడిగించారు. ఇంకోచోట హెడ్డు, అంటే ఇంజను తలకాయ దించి, దాని కింద అతుకులోంచి నీళ్లు కారకుండా ఆపే గాస్కెట్టు మార్చారు. మరొకరు థర్మోస్టాటు తీసి పారేశారు. అప్పట్లో అదొక అలవాటుగా ఉండేది. బండి వేడెక్కుతోందంటే ముందుగా థర్మోస్టాటు తీసేయడం. నాన్నకు అది నచ్చేది కాదు, నాకూ నచ్చదు. ఇంజను తనకు కావలసిన వేడికి చేరాకనే నీళ్లను రేడియేటరులోకి వదిలే తలుపు అది. పాడైతే మార్చాలి కానీ తలుపే లేకుండా చేస్తే, ఇంజను ఎప్పుడూ సరైన వేడికి రాక లోపల్లోపల అరిగిపోతుంది. అది పనిచేస్తోందో లేదో చూడటం కష్టమూ కాదు. నాన్న దాన్ని దారానికి కట్టి నీళ్ల గిన్నెలో వేలాడదీసి పొయ్యి మీద పెట్టేవారు. నీళ్లు మరగడానికి ఇంకా కొంచెం ఉందనగా, తాబేలు తల బయటపెట్టినట్టు దాని మధ్య భాగం మెల్లగా లేచేది. ఆ గిన్నెను అమ్మ మళ్లీ వంటకు వాడనివ్వలేదు, షెడ్డుకే ఇచ్చేసింది.

లెక్చరరు గారి బండి కింద తడి లేదు. రంధ్రం పొడిగా ఉంది. ఫ్యాను ఊగలేదు. స్క్రూడ్రైవరు పెట్టి విన్నా ఇసుక చప్పుడు లేదు. బెల్టు సరిగ్గా ఉంది. నూనె మూత కింద తెల్లటి మీగడ లేదు, రేడియేటరు మూతి దగ్గర బుడగలు లేవు, కాబట్టి హెడ్డు గాస్కెట్టు కాదు. నాన్న రేడియేటరు మీద అరచేయి పెట్టి మెల్లగా జరిపారు. లోపల గొట్టాలు మూసుకుపోతే అక్కడక్కడ చల్లని మచ్చలు తగులుతాయి. అవీ లేవు. కానీ పై గొట్టం పట్టుకోలేనంత వేడిగా ఉంది, కింది గొట్టం గోరువెచ్చగా ఉంది.

లెక్చరరు గారి మనవడు గుండు మీద చందనంతో మా అరుగు మీద ఆడుకుంటున్నాడు. ఎండ నడినెత్తికి వచ్చింది. నాన్న ఏమీ మాట్లాడకుండా చాలాసేపు ఆ బండి పక్కన కూర్చున్నారు. తర్వాత చల్లారనిచ్చి, మూత తీసి, నీళ్లు కాస్త తగ్గించి, ఇంజను మళ్లీ వేయమన్నారు. నన్ను పిలిచి ఒక చిన్న గడ్డిపోచ తెమ్మన్నారు. దాన్ని మూతి దగ్గర నీళ్ల మీద వేశారు. "యాక్సిలరేటరు తొక్కండి సార్." ఇంజను అరిచింది. గడ్డిపోచ ఉన్నచోటే వణుకుతూ నిలబడింది. మంచి పంపు ఉన్న బండిలో అయితే నీళ్లు పై నుంచి ఉరికివచ్చి దాన్ని ఒక పక్కకు తోసేయాలి.

నాన్న గడ్డిపోచను జాగ్రత్తగా తీసి చెవి వెనక పెట్టుకున్నారు. "పంపు తిరుగుతోంది సార్, నీళ్లు తిరగడం లేదు" అన్నారు.

విప్పి చూస్తే, నీళ్లను తోసే రెక్కలు ఉండాల్సిన చోట చప్పరించి వదిలేసిన చెరకు పిప్పిలాంటి మొండి ముక్కలు ఉన్నాయి. ఏళ్లపాటు ఉప్పునీళ్లు తాగి తుప్పు తినేసింది. మైదానంలో ఎదురుగాలి కాపాడుతూ వచ్చింది. కొండ ఎక్కగానే బయటపడింది. బయటి నుంచి చూస్తే పంపు నిక్షేపంలా ఉంది కాబట్టి ఆరు నెలల్లో దాన్ని విప్పాలని ఎవరికీ తోచలేదు. లెక్చరరు గారు ఆ ముక్కను చేతిలోకి తీసుకుని చాలాసేపు చూశారు. తర్వాత నాన్నకు నమస్కారం పెట్టారు. అంత చదువుకున్న ఆయన మా నాన్నకు చేతులు జోడించడం నేను అరుగు మీద నుంచి చూశాను. ఆ రోజు రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

* * *

కొత్త పంపు కావాలంటే తిరుపతిలో దొరికేవి. కానీ ఒకసారి ఇక్కడ ఒక దుకాణంలో కొన్నది మూడు నెలలకే కారిపోయాక, నాన్న మద్రాసు వెళ్లడం మొదలుపెట్టారు. తెల్లవారి బస్సుకు పుత్తూరు, నగరి మీదుగా వెళ్లి పుదుపేటలో దిగడం. విప్పిన బండ్ల కుప్పలు, వీధి పొడవునా నూనె మరకలు, తమిళంలో బేరాలు. నాన్న ఒక్కో పంపునూ చేతిలోకి తీసుకుని ఇరుసును రెండు వేళ్లతో తిప్పి చెవి దగ్గర పెట్టుకునేవారు. దుకాణదారు అరవంలో గొణిగేవాడు. నాన్న అదే అరవంలో, "కొనేవాడు వినకూడదా?" అనేవారు. సాయంత్రానికి సంచిలో ఒక పంపు, అమ్మకు పూలు, నాకు ఏదో ఒక తమిళ బొమ్మల పుస్తకం. నాకు ఆ అక్షరాలు రావు. బొమ్మలు చూస్తూ కథ నేనే అల్లుకునేవాణ్ణి.

బిగించేటప్పుడు నా పనులు నాకు ఉండేవి. నీళ్లు దించడానికి రేడియేటరు అడుగునా ఇంజను పక్కనా ఉన్న కొళాయిలు తిప్పడం, ఇంజను కొళాయి మూసుకుపోయి ఉంటే తీగతో పొడవడం. రేడియేటరు బయటికి వచ్చాక, నాన్న డైనమో బోల్టు వదులు చేసి బెల్టు తీసేవారు. తర్వాత ఫ్యాను, పుల్లీ, ఆ పైన పంపు. తీసిన బోల్టులను నేను ఒక అట్టముక్క మీద, పంపు ఆకారం గీసి, ఏది ఎక్కడిదో అక్కడే గుచ్చిపెట్టాలి. పాత గాస్కెట్టు పెచ్చులను కత్తి మొనతో, గీత పడకుండా గీకాలి. అది ఓపిక పని. ఒక చిన్న పెచ్చు మిగిలినా నీళ్లు కారతాయి.

కొత్త గాస్కెట్టు అమ్మేవాళ్లు, కానీ నాన్న తానే కోసేవారు. గాస్కెట్టు కాగితాన్ని పంపు మొహం మీద పరిచి, గుండ్రటి సుత్తితో అంచుల వెంట మెల్లగా తట్టుకుంటూ వెళ్లేవారు. టక్ టక్ టక్. ఇనుప అంచు మీద కాగితం దానంతట అదే తెగేది. బోల్టు రంధ్రాల దగ్గర సుత్తి గుండ్రటి వైపుతో ఒక్కో దెబ్బ, చిన్న చిన్న బిళ్లలు ఊడిపడేవి. ఆ బిళ్లలు నా జేబులో చేరేవి. అవి నా డబ్బులు. తర్వాత రెండు వైపులా పలచగా షెల్లాకు అనే లక్క జిగురు రాయడం. దాని వాసన, కిరసనాయిల్లో కడిగిన చేతుల వాసన, అమ్మ తెచ్చి గట్టు మీద పెట్టిన కాఫీ వాసన కలిసి మా ఆదివారం.

బోల్టులు ఒక్కోదాన్నీ కొంచెం కొంచెంగా, ఎదురెదురుగా బిగించాలి. "తొందరపడి ఒక పక్క బిగిస్తే రెండో పక్క అలుగుతుంది" అనేవారు.

* * *

అంబాసిడర్లు ఒక్కసారిగా పోలేదు. స్టాండులో ముందు రెండు జీపులు వచ్చాయి, తర్వాత వ్యాన్లు, తర్వాత తెల్లటి కొత్త కార్లు. వాటి బోనెట్ల కింద వాటర్ పంపు ఎక్కడుందో కూడా కనబడదు. ఉత్తరపారా ఫ్యాక్టరీలో తయారీ 2014లో ఆగిపోయిందన్న వార్త వచ్చిన రోజు నాన్న పేపరు మడిచి బండి డ్యాష్‌బోర్డు మీద పెట్టారు. దాని గురించి మాట్లాడలేదు. అప్పటికే టాక్సీ పని మానేశారు. కానీ రోజూ తెల్లవారి లేచి నేల చూసి, మూత తీసి నీళ్లు చూసేవారు. చివరి ఏడాది వంగలేకపోతే, అమ్మ టార్చి వేసి చూసి "పొడిగానే ఉంది" అని చెప్పేదట.

* * *

సంవత్సరీకం అయిన మర్నాడు బోనెట్టు ఎత్తాను. రంధ్రం కింద తాజా చార. ఫ్యాను ఊపితే ఆడలేదు. షెడ్డు గోడకు అదే స్క్రూడ్రైవరు వేలాడుతోంది, పిడి మీద ఆయన చెవి ఆనినచోట నున్నగా నల్లబడింది. పెట్టి విన్నాను. తిరగలి దూరంగా తిరుగుతోంది, ఇసుక లేదు. బేరింగు బాగుంది, సీలు పోయింది. మూడు నెలలు నీళ్లలో కదలకుండా నిలబడి అతుక్కుపోయి, స్టార్టు చేయగానే చిరిగి ఉంటుంది. "బండి నడిస్తే అరుగుతుంది, ఆగితే కుళ్లుతుంది" అని నాన్న ఎందుకనేవారో ఆ తడి చూస్తే అర్థమైంది.

పంపు కోసం ఫోనులో నాలుగుచోట్ల అడిగాను. మూడో రోజు మద్రాసు నుంచి పార్సిలు వచ్చింది. సెలవు ఇంకో రెండు రోజులు పొడిగించాను. పెట్టెలో గాస్కెట్టు ఉంది, దాన్ని పక్కన పెట్టి నేనే కోసుకున్నాను. సుత్తి చప్పుడుకు అమ్మ ఒకసారి తలుపు దాకా వచ్చి చూసి వెళ్లింది. అట్టముక్క మీద బోల్టులు గుచ్చాను. డ్రమ్ములో వాన నీళ్లు ఉన్నాయి, గుడ్డ కట్టే ఉంది. కూలెంట్ కలిపి పోశాను.

సాయంత్రం అయిదింటికి ఇంజను వేశాను. నేల పొడిగా ఉంది. మూతి దగ్గర గడ్డిపోచ వేస్తే ఒక్క ఉదుటున పక్కకు పోయింది. పావుగంట చూశాను, చుక్క పడలేదు. అప్పుడు అమ్మ కొంగుకు చేతులు తుడుచుకుంటూ వచ్చి షెడ్డు గడప దగ్గర నిలబడింది. తల కొంచెం పక్కకు వంచి విన్నది.

"మీ నాన్న బిగిస్తే ఇలా ఈల వేయదు" అంది. "బెల్టు బిగువైనట్టుంది, చూడు."

ఇంజను ఆపి బొటనవేలితో నొక్కాను. పావు అంగుళం కూడా దిగలేదు. డైనమో బోల్టు వదులు చేసి, జరిపి, మళ్లీ నొక్కి చూశాను. అర అంగుళం. బిగించి ఇంజను వేశాను. అమ్మ ఇంకో నిమిషం నిలబడి విని, ఎసరు పెట్టడానికి లోపలికి వెళ్లింది.